బొమ్మ చూసి కొన్న జపాన్ మిఠాయి పెట్టెలు: పైన బొమ్మకీ లోపలి సరుకుకీ ఏమైనా సంబంధం ఉందా?

నగోయా_నాని
మొన్న ఇండియా వెళ్ళేముందు ఎయిర్‌పోర్టులో మిఠాయిలు కొన్నా. హొకుసాయ్ అనే పాత జపాన్ చిత్రకారుడి పెద్ద అల బొమ్మ ఉన్న రేకు డబ్బా ఒకటి, బంగారు రంగు మీద నీలం ఐరిస్ పూలున్న అట్టపెట్టె ఒకటి, కప్పలూ కుందేళ్ళూ కుస్తీ పడుతున్న బొమ్మతో సెంబె (కరకరలాడే బియ్యప్పిండి బిళ్ళలు) పాకెట్లు కొన్ని. ఇంట్లో అందరూ "అబ్బ, పెట్టె ఎంత బాగుందో" అన్నవాళ్ళే. లోపలిది బాగుందని ఒక్కరూ అనలేదు. అమ్మ అయితే అల డబ్బాని అప్పుడే పోపు సామానుకి కేటాయించేసింది.

నా మంట అది కాదు. పైన 1831 ప్రాంతపు బొమ్మ, లోపల ఏ సూపర్‌మార్కెట్లోనైనా దొరికే వెన్న బిస్కెట్లు. దానికి తోడు అడుగున అట్ట ఎత్తుగా పెట్టారు, పెట్టె లోతులో సగమే సరుకు. బొమ్మకీ మిఠాయికీ నిజంగా సంబంధం ఉన్న పెట్టె ఎక్కడైనా ఉందా, లేక అన్నీ ఇలా అతికించినవేనా? వచ్చేసారి డబ్బులు తగలేసే ముందు తెలుసుకోవాలి.

బెజవాడ_బాబాయ్
పోపుల డబ్బా ఎంతకి పడిందో చెప్పు ముందు.

నగోయా_నాని
చెప్తే అమ్మ వాడదు బాబాయ్.

నిషికసాయ్_అక్క
ఆ ఎత్తు అట్టకి ఇక్కడ పేరే ఉంది, అగెజోకో. జపాన్ వాళ్ళు కూడా తిట్టుకుంటారు, నువ్వొక్కడివే కాదు.

ఒక్క సంగతి గమనించావా? 2024 జులైలో వచ్చిన కొత్త వెయ్యి యెన్ల నోటు వెనక అదే అల. అల ఇచ్చి అల కొన్నావన్నమాట. చిల్లర కూడా వచ్చి ఉండదు.

పాత_పటాలు
"అన్నీ అతికించినవేనా" అంటే కాదు. అయితే నువ్వు వెతికిన చోట దొరకవు. హొకుసాయ్‌ని వదిలి ఆ కాలపు ఇంకో చిత్రకారుడు హిరోషిగె దగ్గరికి రా.

ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటోకి పోయే తొకాయ్‌దో రహదారి మీద 53 మజిలీలు. హిరోషిగె 1833-34 ప్రాంతంలో వాటిని చెక్క అచ్చు బొమ్మలుగా వేశాడు. మొదలూ చివరా కలుపుకుని మొత్తం 55. అందులో కుసాత్సు మజిలీ బొమ్మ తీసి చూడు. ముందు వరసలో పల్లకీ మోసేవాళ్ళు పరుగు మీద ఉంటారు. వాళ్ళ వెనక బారుగా తెరిచి ఉన్న కొట్టు, అరుగుల మీద కూర్చున్న బాటసారులు. అది ఉబాగామోచి కొట్టు. మోచీ అంటే జిగురు బియ్యంతో చేసే మెత్తటి ముద్ద. ఆ మోచీ ఇప్పటికీ షిగా జిల్లా కుసాత్సులో అమ్ముతున్నారు. వేలి కొసంత మోచీ ముద్ద, చుట్టూ ఎర్ర చిక్కుడు పప్పు ముద్ద, నెత్తిన తెల్లటి చుక్క. ఒక దాది, తన చేతుల్లో పెరిగే బిడ్డని పోషించడానికి దారి పక్కన మోచీ అమ్మిందని కథ. ఆ ఆకారం దాది పాలిండ్లకి గుర్తు అంటారు.

ఫుతాగావా మజిలీ కూడా అంతే. గాలికి వంగిన చిన్న చిన్న పైన్ చెట్ల బీడు, నడిచిపోతున్న ముగ్గురు అంధ గాయనులు, పక్కన ఒంటరి టీ కొట్టు. దాని బోర్డు మీద కాషివా మోచీ పేరు రాసి ఉంటుంది. ఓక్ జాతి ఆకులో చుట్టిన మోచీ అది, ఇప్పుడు మే 5న పిల్లల పండగకి ఇంటింటా తింటారు.

కాబట్టి ఇక్కడ పెట్టె మీదకి బొమ్మ ఎక్కడం రెండో విడత. మిఠాయే ముందు బొమ్మలోకి ఎక్కింది.

వేంపల్లె_వేణి
పాలిండ్ల మోచీ అని ఆఫీసులో పంచితే నా ఉద్యోగం పోద్ది సార్.

పాత_పటాలు
పంచేటప్పుడు కథ చెప్పమని ఎవరన్నారు!

టీకప్పులో_తుఫాను
నాకు ఈ "సంబంధం" గొడవే అర్థం కాదు. ఆ అచ్చు బొమ్మలేమన్నా గుళ్ళో దేవుడి పటాలా? ఎదో కాలంలో ఒక్కో బొమ్మ దాదాపు ఒక గిన్నెడు సోబా (నూడుల్స్) ధరకి దొరికేది. గోడకి అంటించేవాళ్ళు, ఊరికి తీసుకెళ్ళి చుట్టాలకి పంచేవాళ్ళు. నటుల బొమ్మలు, టీ కొట్టు అమ్మాయిల బొమ్మలు, కొట్ల ప్రచారం అన్నీ అందులోనే. అప్పుడే అది అమ్మకపు సరుకు. ఇప్పుడు బిస్కెట్ డబ్బా ఎక్కితే హొకుసాయ్‌కి జరిగిన అవమానం ఏముంది? బతికుంటే తనే ఇంకో డబ్బాకి బొమ్మ వేసిచ్చేవాడు.

నాని, నువ్వు కొన్నది డబ్బా. డబ్బా బాగుంది. ఇక కేసు ఎక్కడుంది?

నగోయా_నాని
@టీకప్పులో_తుఫాను కేసు సగం ఖాళీగా ఉన్న పెట్టె మీద. హొకుసాయ్ మీద కాదు.

అచ్చు_యంత్రం
నేను స్వీటు పెట్టెలు అచ్చు వేసేవాణ్ణి కాబట్టి వేరే కోణం చెప్తా.

నాని పెట్టిన ఫొటోలో డబ్బా అంచు దగ్గర పెద్దదిగా చేసి చూశా. అల కొస మీది నురుగు గోళ్ళు అంచు మలుపులో కొద్దిగా సాగినట్టు ఉన్నాయి. రేకు డబ్బా తయారయ్యాక దాని మీద అచ్చు వేయరు. చదునైన రేకు షీటు మీదే ముందు అచ్చు వేస్తారు, తరవాత ప్రెస్సులో పెట్టి మూతగా వంచుతారు. మలుపులో ఏది పడుతుందో డిజైనర్ ముందే లెక్క కట్టుకోవాలి. మంచి డబ్బాల్లో ముఖ్యమైన గీతలు మలుపు దాకా రానివ్వరు. ఈ డబ్బా వాళ్ళు ఆ జాగ్రత్త పడలేదు.

రెండోది రంగు. అసలు బొమ్మలో ఆ నీలం అప్పట్లో బయటి దేశం నుంచి వచ్చిన ప్రష్యన్ బ్లూ. హిరోషిగె ఆకాశాల్లో పైన ముదురుగా మొదలై కిందికి కరిగిపోయే నీలం చూసే ఉంటారు. చెక్క అచ్చు మీద రంగు పూసి, తడితో తుడిచి, ఒక్కో కాగితానికీ చేత్తో తెచ్చేవాళ్ళు దాన్ని. మేం నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో వేస్తే అదే చోట చుక్కలు కనపడతాయి. ఆ నీలానికి విడిగా స్పెషల్ ఇంకు పెడితే కొంత దగ్గరికి వస్తుంది, ఖర్చూ పెరుగుతుంది. డబ్బా కొనేముందు ఆకాశం చూడండి, కంపెనీ ఎంత ఖర్చు పెట్టిందో అక్కడే తెలిసిపోతుంది.

బెజవాడ_బాబాయ్
ఇకనుంచి ఎయిర్‌పోర్టులో భూతద్దం పట్టుకుని తిరుగుతాడు నాని.

కోనసీమ_కుర్రోడు
@అచ్చు_యంత్రం అన్నా, కాపీరైటు సంగతేంటి? ఎవరైనా వేసుకోవచ్చా ఆ అల?

అచ్చు_యంత్రం
హొకుసాయ్ పోయింది 1849లో. బొమ్మ మీద ఎవరికీ హక్కు లేదు. ఫొటో ఫైలు దగ్గర మాత్రం చూసుకోవాలి, ఒక్కో మ్యూజియానికి ఒక్కో షరతు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి ఇలాంటి పాత బొమ్మల ఫైళ్ళు ఏ షరతూ లేకుండా ఇస్తోంది. అల కూడా అందులో ఉంది. అందుకే అది ప్రతి సాక్సు మీదా, ప్రతి కప్పు మీదా కనిపిస్తుంది.

మా దగ్గరికీ వచ్చిందా జబ్బు. ఒక స్వీటు షాపు ఓనరు నెట్‌లో ఇలాంటి డబ్బా చూసి, పూతరేకుల పెట్టె మీద అదే అల కావాలన్నాడు. 350 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) డ్యూప్లెక్స్ బోర్డు, పైన మ్యాట్ లామినేషన్, అల మీద బంగారు ఫాయిల్!

కోనసీమ_కుర్రోడు
జనం గోదావరి వరద అనుకుని ఊరు ఖాళీ చేస్తారు.

వేంపల్లె_వేణి
కలంకారీ ఉండగా ఫూజీ కొండ ఎందుకయ్యా మనకి. పెడన ఎంత దూరమని.

అచ్చు_యంత్రం
చెప్పా. "అది అందరూ వేస్తున్నారు" అన్నాడు.

నిషికసాయ్_అక్క
అసలు ప్రశ్నకి వస్తా. పాత_పటాలు గారు చెప్పిన మోచీలు నానికి ఎయిర్‌పోర్టులో ఎందుకు ఎదురుపడలేదో చూడండి. ఇక్కడ మిఠాయిల్ని తేమని బట్టి విడదీస్తారు. 30 శాతం పైన తేమ ఉంటే నామాగాషి, పది లోపు అయితే హిగాషి, మధ్యలోవి అర-తడి రకం. చేత్తో చేసిన మోచీ, పువ్వు ఆకారపు పప్పు ముద్దలు అన్నీ మొదటి రకం. ఒకటి రెండు రోజుల్లో గట్టిపడతాయి, లేదా పాడైపోతాయి. విమానం ఎక్కి, కస్టమ్స్ దాటి, చుట్టాలింటికి చేరేసరికి అయిపోయాయే. ఎయిర్‌పోర్టు షెల్ఫు మీద నెలల తరబడి నిలబడేవి బిస్కెట్లు, సెంబె, యోకాన్ (గడ్డకట్టించిన తీపి పప్పు ముద్ద కడ్డీ). ఊరితో ముడిపడ్డ మిఠాయి ఊరు దాటలేదు, ఊరు దాటే మిఠాయికి ఊరంటూ లేదు. ఆ లోటు కప్పడానికే పైన అందరికీ తెలిసిన బొమ్మ.

అందుకే నేను ఎయిర్‌పోర్టులో కొనను. ఏ ఊరు వెళ్తే ఆ ఊరి రైల్వే స్టేషన్లో కొంటా.

ఇంకోటి, పెట్టె మీద షోమి కిగెన్ అని ఉంటే ఆ తేదీ దాకా రుచి బాగుంటుందని. షోహి కిగెన్ అని ఉంటే ఆ తేదీ దాటాక తినొద్దని. చుట్టాలకి ఇచ్చేముందు ఏది రాసుందో చూడండి.

టీకప్పులో_తుఫాను
@నిషికసాయ్_అక్క సిద్ధాంతం బాగుంది కానీ యోకాన్ దగ్గర తేలిపోయింది. తొరాయా చిన్న యోకాన్ ఏడాది నిలుస్తుంది. దానికి ఊరు లేదంటారా? 16వ శతాబ్దంలో క్యోటోలో మొదలై, రాజుగారి కొలువుకి మిఠాయిలు ఇచ్చి, 1869లో రాజధానితో పాటు టోక్యో వచ్చిన కొట్టు అది.

నిషికసాయ్_అక్క
ఊరే మారిందని నువ్వే చెప్తున్నావు కదా తమ్ముడూ.

క్యోటో_కోడలు
ఇంతసేపూ పెట్టె మీదే కొట్టుకుంటున్నారు. బొమ్మ లోపల కూడా ఉంటుంది, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

తొరాయా వాళ్ళదే "యోరు నో ఉమె" యోకాన్ తీసుకోండి, అంటే రాత్రిపూట పూసిన ఉమె, ప్లమ్ జాతి చెట్టు పూలు. నల్లటి కడ్డీ. చాకుతో అడ్డంగా కోస్తే, లోపల చితక్కుండా ఉన్న చిక్కుడు గింజలు కోతలో లేత రంగు చుక్కలుగా బయటపడతాయి. చీకట్లో పూలు. కోసేదాకా కనపడవు.

నాని కొన్న ఐరిస్ పూలు ఓగాతా కోరిన్‌వి. 1700 ప్రాంతంలో బంగారు రేకు మీద నీలం, పచ్చ తప్ప ఇంకో రంగు లేకుండా వేసిన మడత తెరలు. టోక్యోలో నెజు మ్యూజియంలో ఉన్నాయి, ఆ పూలు పూసే రోజుల్లో, ఏప్రిల్-మేలో బయటపెడతారు. కోరిన్ చామంతిని గుండ్రటి ముద్ద, మధ్యలో ఒక చుక్క, అంతే చేసి వదిలేశాడు. రేకులు లేవు. ఆ ఆకారాన్ని మిఠాయి వాళ్ళు పట్టుకున్నారు. శరత్కాలంలో ఏ పాత కొట్టుకి వెళ్ళినా తెల్ల ముద్ద మీద చుక్క పెట్టిన "కోరిన్ చామంతి" ఉంటుంది. పెట్టె తెల్ల కాగితమే. బొమ్మని తినేస్తాం.

నగోయా_నాని
@క్యోటో_కోడలు నా ఐరిస్ పెట్టెలో ఉన్నవి దాల్చినచెక్క వాసన వచ్చే త్రికోణాలు. దానికీ ఆ పూలకీ ఏంటి లింకు?

క్యోటో_కోడలు
అయితే నువ్వు కొన్నవాటిలో అదొక్కటి సరైన పెట్టె! అవి నామా యాత్సుహాషి. బియ్యప్పిండి, పంచదార, దాల్చినచెక్క కలిపి ఆవిరి మీద ఉడికించి, పల్చగా ఒత్తి, పప్పు ముద్ద పెట్టి మడుస్తారు. ముద్ద రుచి మన పూర్ణానికి దగ్గరే, యాలకులు ఉండవంతే.

యాత్సుహాషి పేరు మీద రెండు కథలున్నాయి. కోతో అనే తీగల వాయిద్యం వాయించే యాత్సుహాషి కెంగ్యో పేరు మీద పెట్టారని ఒకటి. పాత గట్టి రకం యాత్సుహాషి ఆ వాయిద్యంలా వంపు తిరిగి ఉండేది అందుకే. రెండోది మికావా అనే పాత ప్రాంతంలోని ఎనిమిది పలకల వంతెన, యాత్సుహాషి. ఇసె కథలు అనే పాత పుస్తకంలో, రాజధాని వదిలి వెళ్ళిపోతున్న ఒక మనిషి ఆ వంతెన దగ్గర ఐరిస్ పూలు చూస్తూ ఆగుతాడు. ఎండబెట్టిన అన్నం తింటూ, ఇంటి దగ్గర వదిలి వచ్చిన భార్య మీద పద్యం చెబుతాడు. వింటున్నవాళ్ళ కన్నీళ్ళు పడి ఆ ఎండు అన్నం నానిపోయిందట. కోరిన్ తెరల మీద మనిషి లేడు, అన్నం లేదు. పూలు మాత్రమే. జపాన్ వాళ్ళకి ఆ పూలు చూస్తే చాలు, మిగతా కథ వాళ్ళకి తెలుసు. పెట్టె మీద ఆ పూలు వేసినవాడికి పని తెలుసు.

వేంపల్లె_వేణి
కన్నీళ్ళకి అన్నం నానడం. రాసినోడికి దండం.

బెజవాడ_బాబాయ్
మా హాస్టల్లో సాంబారుకి కూడా నానేది కాదు.

పాత_పటాలు
@క్యోటో_కోడలు గారూ, కప్పలూ కుందేళ్ళ సంగతి కూడా చెప్పండి. ఆ పాకెట్ల మీద నాకు పాత కక్ష ఉంది.

క్యోటో_కోడలు
చోజూ గిగా. 12, 13 శతాబ్దాల సిరా గీతల చుట్టలు, నాలుగు. క్యోటో వాయవ్య కొండల్లో కోజాన్‌జీ గుడివి, ఇప్పుడు టోక్యో, క్యోటో జాతీయ మ్యూజియాల్లో దాచారు. కప్ప కుందేలు చెవి కొరికి కింద పడేసే సుమో బొమ్మ ఒకటి చాలు, జీవితాంతం నవ్వుకోవచ్చు. సెంబెకీ దానికీ సంబంధం ఏమీ లేదు. టీ అయితే వేరే మాట. జపాన్‌లో చాలా పాతదిగా చెప్పే టీ తోట ఆ గుడి ఆవరణలోనే ఉంది. టీ డబ్బా మీద ఆ కప్పలుంటే నేనేమీ అనను.

మౌన_ముని
శాకాహారులం, ఏం కొనాలి? సూటిగా చెప్పండి.

నిషికసాయ్_అక్క
యోకాన్ మంచిది. కాంతెన్‌తో గడ్డకట్టిస్తారు, అది సముద్రపు నాచు, జంతువుది కాదు. మోచీ, రకుగాన్ అనే ఎండు మిఠాయి కూడా ఎక్కువగా పర్లేదు. సెంబె దగ్గర ఆగి చదువు. ఎండు చేప రసం, రొయ్య పొడి దాదాపు ప్రతి రెండో రకంలో ఉంటాయి. రేకు డబ్బా బిస్కెట్లలో గుడ్డు ఉంటుంది. జెల్లీ, మార్ష్‌మాలో లాంటివాటిలో జెరాచిన్ అని ఉందేమో చూడు, అంటే గెలాటిన్. పెట్టె వెనక ఫొటో తీసి ఫోన్లో అనువాదం చేసుకో, పైన కలువ పువ్వు ఉంది కదా అని నమ్మకు.

లోపల చిన్న తెల్ల పొట్లం ఉంటుంది, ఆక్సిజన్ పీల్చేది. మా అత్తగారు సోంపు అనుకుని చింపారు. నల్లటి ఇనుప పొడి, చీర మీదంతా.

కోనసీమ_కుర్రోడు
అల బొమ్మలో ఉన్న మూడు పడవలూ ఎదోకి చేపలు చేరేసే పడవలే. ముని గారూ, ఆ డబ్బా కూడా మీకు పనికిరాదు.

మౌన_ముని
😐

పాత_పటాలు
హొకుసాయ్ పేరు పెట్టెకెక్కడానికి నిజంగా అర్హత ఉన్న ఊరు ఒకటుంది, నాని. నగానో జిల్లాలో ఒబుసె. చిన్న ఊరు. చెస్ట్‌నట్‌కి పేరు. ఎనభై దాటాక హొకుసాయ్ అక్కడికి వెళ్ళాడు. తకాయ్ కోజాన్ అనే స్థానిక పెద్దమనిషి ఆదరించాడు. పండగ బండి పైకప్పుకి ఆడ అల, మగ అల అని రెండు అలలు వేశాడు. ఫూజీ లేదు, పడవల్లేవు, సుడి తిరిగే నీళ్ళు మాత్రమే. గాన్‌షోయిన్ గుడి కప్పు మీద ఎటు నిలబడి చూసినా మనవైపే చూసే ఫీనిక్స్ పక్షి ఉంది. 1976లో పెట్టిన హొకుసాయ్ మ్యూజియంలో ఆ బండ్లు చూడొచ్చు.

చెస్ట్‌నట్ రకుగాన్ ఆ ఊళ్ళో 1808లోనే మొదలైంది, అంటే ఆయన రాకముందే. పొడిని చెక్క అచ్చుల్లో ఒత్తి తీసే ఎండు మిఠాయి, తేమ తక్కువ, ప్రయాణానికి తట్టుకుంటుంది. అక్క సిద్ధాంతానికి ఇది కూడా ఎదురే.

నిషికసాయ్_అక్క
ఒప్పుకోను. ఒబుసె రకుగాన్ నాని కొన్న ఎయిర్‌పోర్టు షెల్ఫు మీద చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

టీకప్పులో_తుఫాను
హొకుసాయ్ అక్కడ రకుగాన్ తిన్నాడని ఎవరైనా చూశారా? ఊరు ఒకటే అయితే చాలు అంటున్నారు మీరు. అది కూడా అతుకే, కాస్త మర్యాదైన అతుకు.

పాత_పటాలు
@టీకప్పులో_తుఫాను కప్పు కడుక్కోవయ్యా ముందు.

క్యోటో_కోడలు
జపాన్‌లో ఉన్నవాళ్ళకి ఇంకొకటి. ఇసెలో ఆకాఫుకు, 1707 నాటి కొట్టు. మోచీ మీద పప్పు ముద్దని వేళ్ళతో మూడు గీతలుగా లాగుతారు, అది పక్కన పారే ఇసుజు నది. వేసవిలో రెండు రోజులు, చలికాలంలో మూడు రోజులు, అంతకు మించి ఉండదు. పెట్టెలో రోజూ మారే చిన్న అచ్చు బొమ్మ కార్డు పెడతారు. 1978 నుంచి జనవరి తప్ప ప్రతి నెలా ఒకటో తేదీన ఆ నెలకే ప్రత్యేకమైన మోచీ ఉంటుంది. చుట్టే కాగితం కూడా ప్రతి నెలా మారుతుంది. ఇవేవీ పాత చిత్రకారుల బొమ్మలు కావు. ఆ మోచీ కోసమే, చెక్క అచ్చు బొమ్మల బాణీలో వేయించారు. నాకు హొకుసాయ్ డబ్బా కంటే ఇదే నచ్చుతుంది. మా మామగారు ఆ కాగితాలు చింపకుండా విప్పి, పుస్తకంలో పెట్టి దాస్తారు. మోచీ సంగతి ఆయనకి పట్టదు.

టీకప్పులో_తుఫాను
ఇదిగో, దీనికి ఓటు నాది. కొత్త బొమ్మ వేయించడం కష్టం, పాతది దించుకోవడం తేలిక.

నగోయా_నాని
ఇసె నాకు దగ్గరే, నగోయా నుంచి కింతెత్సు రైల్లో గంటన్నర. ఒకటో తేదీ క్యూ ఎప్పుడు మొదలవుతుంది?

క్యోటో_కోడలు
తెల్లారకముందే. ముందురోజు రాత్రికే వెళ్ళి అక్కడ పడుకో. చలి కోటు మర్చిపోకు.

అచ్చు_యంత్రం
నానీ, వెళ్తే ఆ చుట్టే కాగితం ఒకటి మడత పెట్టకుండా గొట్టంలో చుట్టి పంపు. ఎంత జీఎస్‌ఎమ్మో, ఎన్ని రంగుల్లో వేశారో చూడాలి. పోస్టు ఖర్చు నాది.

బెజవాడ_బాబాయ్
మోచీ పంపొద్దు. దారిలోనే చస్తుంది.